అజాన్ దాకా ఆగని కత్తెర

అజాన్ తలుపు అవతలి నుంచి వినపడింది. కాన్పు బల్ల మీద వెల్లకిలా పడి ఉన్న షహనాజ్ ఆ గొంతును గుర్తుపట్టింది. భర్త ఆదిల్‌ది. అది నమాజు వేళ కాదు. అంటే ఆ పిలుపు ఊరి కోసం కాదు, అప్పుడే పుట్టిన తన కొడుకు చెవి కోసం. బిడ్డ అక్కడ వరండాలో ఉన్నాడు, తను ఇక్కడ ఉంది, మధ్యలో తలుపు వేసి ఉంది. అంటే బొడ్డు కోసేశారు.

తల ఎత్తి చూసింది. నర్సు మరియమ్మ వంగి నిలబడి ఉంది. కోసిన బొడ్డు నుంచి సన్నటి గొట్టం ఒకటి ఆమె చేతిలోని సంచిలోకి పోతోంది. సంచి ఎర్రగా నిండుతోంది.

“అదేంది మరియమ్మా?”

“బ్యాంకు కేసుగామ్మా. మీ తమ్ముడు చెప్పలా?”

చెప్పలేదు. చెప్పకుండా చేసినవాడు జావీద్. షహనాజ్ చంకలో పెరిగినవాడు.

వాళ్ల నాన్న మౌలాలీ నరసరావుపేటలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అమ్మ హజ్రా బీ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీయడానికి పోయేది. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ ఘాటు చేతులతో పసివాణ్ణి ఎత్తుకుంటే వాడు కళ్లు మండి ఏడ్చేవాడు. అందుకని జావీద్‌ను ఎత్తుకోవడం, కడగడం, నిద్రపుచ్చడం అన్నీ షహనాజ్ పనులయ్యాయి. అప్పటికి ఆమెకూ పెద్ద వయసేం లేదు. నాన్న పోయాక ఆయన కుట్టుమిషనే ఆమెకు బతుకైంది. పరుపుల గలీబుల దగ్గర మొదలుపెట్టి జాకెట్లలోకి దిగింది. రెండేళ్లు తిరక్కుండా పేటలో పెద్ద దుకాణాల ఆడవాళ్లు కూడా కొలతలివ్వడానికి ఆమె గుమ్మంలోకి వచ్చారు.

జాకెట్లు కుట్టే మనిషికి ఒక సంగతి అందరికంటే ముందు తెలుస్తుంది. ఎవరి జాకెట్టు బిగుతైంది, ఎవరు పక్కల కుట్లు విప్పించుకున్నారు, ఎవరు వదులు నైటీలు కుట్టమన్నారు. కడుపుతో ఉన్న సంగతి అత్తగారికి చెప్పకముందే టేపుకు తెలిసిపోతుంది. షహనాజ్ ఆ మాటలు అన్నం తినేటప్పుడు ఇంట్లో చెప్పేది. పక్కన కూర్చుని తినే జావీద్ వినేవాడు. వాడు వింటున్నాడని ఆమెకు తెలుసు, ఎందుకు వింటున్నాడో తెలియదు.

జావీద్ డిగ్రీ అయ్యాక చాలాకాలం ఖాళీగా తిరిగి, చివరికి బొడ్డు రక్తాన్ని బ్యాంకులా దాచిపెట్టే ఒక కంపెనీలో చేరాడు. నెలకు ఇన్ని కేసులు తేవాలి, తెస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. ఇస్త్రీ చొక్కా, మెళ్లో కార్డు, ఫోన్లో బొమ్మలు. ఆ రక్తంలో మూలకణాలుంటాయనీ, బాగా చల్లబరిచి దాస్తే రేపు పిల్లవాడికి పెద్ద జబ్బొస్తే అదే మందవుతుందనీ చెప్పేవాడు. కడుపుతో ఉన్నవాళ్లు ఎక్కడున్నారో వెతుక్కోవలసిన పని వాడికి లేదు. అక్క చెప్పేదిగా.

అలాగే ఒకరోజు ఫ్యాన్సీ దుకాణం బ్రహ్మానందం దగ్గరికి పోయి, తాత కాబోతున్నందుకు శుభాకాంక్షలు చెప్పాడు. ఆయన కోడలు సాయిసాత్విక ఆ కబురు ఇంకా ఇంట్లో చెప్పలేదు. ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“మా ఇంట్లో సంగతి మాకంటే ముందు నీకెట్టా తెలిసిందయ్యా? నువ్వు రక్తం కంపెనీ వాడివా, సీఐడీ వాడివా?” అన్నాడు. దుకాణంలో వాళ్లంతా నవ్వారు. జావీద్ కూడా నవ్వి ఫోన్ తీశాడు. బ్రహ్మానందం అంతా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు. “మీ అక్క కూడా కడుపుతో ఉందంట గదా. ముందు మీ ఇంట్లో జేయించి చూపియ్. అప్పుడు మా కోడలి సంగతి మాట్లాడదాం.”

వ్యాపారి బుద్ధి అది. గుడ్డ కొనేవాడు ముందు పీసు చూపించమంటాడు. తప్పు అడిగినవాడిది కాదు, పీసు కత్తిరించడానికి ఒప్పుకున్నవాడిది.

ఇంట్లో జావీద్ అడగకపోలేదు. అడిగాడు. తను కంపెనీ ఉద్యోగి కాబట్టి మనకు ఊరికే చేస్తారనీ చెప్పాడు. షహనాజ్ డాక్టరమ్మను అడిగి చెబుతానంది. పెళ్లై రొంపిచెర్ల వెళ్లినా ఆమెకు మొదటి కాన్పు పుట్టింట్లోనే అని, ఏడో నెలలో పేటకు తీసుకొచ్చారు. వచ్చిందని తెలిసి పాత కొలతల వాళ్లు మళ్లీ గుమ్మంలోకి వచ్చారు. ఆమె ఒంట్లో మొదట్నుంచీ రక్తం తక్కువ. చిన్నప్పుడు వీధిలో పిల్లలు సున్నం బొమ్మా అని వెక్కిరించేవాళ్లు. ఆ నెలల్లో మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. బిడ్డకు కూడా తన ఒళ్లే వస్తుందేమోనన్నది ఆమెకున్న ఒకే ఒక్క భయం.

డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. బిడ్డ బయటికొచ్చాక కూడా కాసేపు బొడ్డు కొట్టుకుంటుంది. మాయలో మిగిలిన రక్తం ఆ కాసేపట్లో బిడ్డలోకి పోతుంది. తల్లికి రక్తం తక్కువైన చోట ఆ కాసేపు ఆగడం బిడ్డకు మంచిది, తొలి నెలల్లో అక్కరకొస్తుంది. బ్యాంకు వాళ్లు పట్టేది కూడా ఆ రక్తమే. ఎక్కువ ఆగితే సంచి నిండదు, సంచి నిండాలంటే బిడ్డకు తగ్గుతుంది. దాచిన రక్తం కొన్ని జబ్బులకు పనికొస్తుందన్నది నిజమే. అలాంటి జబ్బు ఇంట్లో ఉన్నవాళ్లయితే ఆలోచించాలి. మీ ఇంట్లో లేదు కదా అంది.

“అయితే ఆగండమ్మా,” అంది షహనాజ్. “కానీ నొప్పుల్లో నేను చూడలేను గదా. మీరు ఆగారని నాకెట్టా తెలియాలి?”

డాక్టరమ్మ నవ్వి గోడ గడియారం చూపించింది. షహనాజ్ గడియారం వద్దంది. పుట్టిన బిడ్డ చెవిలో తండ్రి అజాన్ చెప్పడం వాళ్లకు ఎటూ ఉన్నదే. ఆదిల్ తెర పక్కన నిలబడతాడు, బిడ్డ తన పొట్ట మీదే ఉంటాడు, నింపాదిగా అజాన్ చెప్పడం అయ్యాక కోయండి అంది. డాక్టరమ్మకు ఆ లెక్క నచ్చింది. మూడు నిమిషాలు పడుతుంది, చాలు అంది.

ఆదిల్ ట్రాక్టర్ మెకానిక్. ఏదైనా గబగబా చేసే మనిషి. నింపాదిగా చెప్పడం అలవాటు చేసుకోవాలని షెడ్డులో ఇంజన్ల కింద పడుకుని సాగదీసి చెప్పుకునేవాడట. ట్రాక్టర్‌కు కూడా నామకరణం చేస్తున్నావా అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

జావీద్‌కు ఈ ఏర్పాటంతా షహనాజే చెప్పింది. వాడు సరేలే అక్కా నీ ఇష్టం అన్నాడు. అదీ అసలు ద్రోహం. కాదని పోట్లాడి ఉంటే ఆమె జాగ్రత్త పడేది.

పుట్టింటి కాన్పులో ఆస్పత్రి పనంతా పుట్టింటి మగవాడిది. మందులు తేవడం, నర్సులతో మాట్లాడటం, కాగితాల మీద సంతకాలు చేయించడం. అల్లుడు చుట్టంలా వచ్చి వరండాలో కుర్చీలో కూర్చుంటాడు. అన్నీ బావమరిది చూసుకుంటుంటే అల్లుడు లేచి అది ఏంటి, ఇది ఎందుకు అని అడిగితే మర్యాదగా ఉండదు. నొప్పులతో వచ్చిన షహనాజ్ తమ్ముడు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టింది. ఆ తర్వాత జావీద్ లోపలికి పోయి, అక్క మనసు మార్చుకుంది, బ్యాంకుకే అని డాక్టరమ్మతో చెప్పాడు. బయటికొచ్చి బావతోనూ అదే చెప్పాడు. నీ అజాన్ ఇక్కడే చెప్పుకోవచ్చులే బావా అన్నాడు. సంతకం ఉంది, తమ్ముడు చెబుతున్నాడు. బల్ల మీద ఉన్న మనిషిని అడగాలని ఎవరికీ తోచలేదు.

వార్డులోకి మార్చాక ఆదిల్ మంచం పక్కన కూర్చుని, “నువ్వే మార్చుకున్నావంట గదా,” అన్నాడు. ఆమె ముఖం చూశాక అతనికి సంగతి అర్థమైంది. లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పుట్టింటి మర్యాద కోసం తను నోరు మూసుకుని కూర్చున్న కుర్చీ అతనికి ఆ తర్వాత చాలాకాలం గుచ్చుకుంది.

హజ్రా బీ మాత్రం కూతురికే సర్ది చెప్పింది. “రక్తం ఏమన్నా కాలవలో పోసినాడా? బ్యాంకులో భద్రంగానే ఉందంటన్నాడుగా. పరాయోడా ఏంది, తమ్ముడేగా.” మగపిల్లవాడు ఏం చేసినా చివరికి తల్లులు ఆ మాట దగ్గరికే వస్తారు. తమ్ముడేగా. తమ్ముడు కాబట్టే చేయగలిగాడన్నది వాళ్లకు తట్టదు.

కారణం షహనాజ్‌కు నెలన్నర తర్వాత తెలిసింది. సాయిసాత్విక నిండు పొట్టతో నైటీలు తీసుకోవడానికి వచ్చి, మంచంలో ఉన్న బాబును చూసి మురిసిపోయింది. “మీ బాబు ఫొటో, ఆ సంచి ఫొటో మీ తమ్ముడు చూపించాకే మా మామయ్య ఒప్పుకున్నాడక్కా,” అంది. ఆ పిల్ల మంచి మనసుతోనే చెప్పింది. షహనాజ్ నైటీలు మడత పెట్టి ఇచ్చింది. ఆ సాయంత్రమే బాబును తీసుకుని రొంపిచెర్ల వెళ్లిపోయింది. జావీద్ ఉద్యోగం ఖాయమైంది, విజయవాడకు మార్చారు.

బాబు పేరు ఫయాజ్. తొమ్మిదో నెలలో పరీక్ష చేయిస్తే రక్తం తక్కువుందన్నారు. ఐరన్ చుక్కల మందు రాశారు. ఆ మందుకు వాడి రెండు పాలపళ్లూ నల్లబడ్డాయి. బొడ్డు వెంటనే కోసినందుకేనా అని షహనాజ్ అడిగింది. మందు రాసిన డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. అయ్యుండొచ్చు, తల్లికి తక్కువుండటం వల్ల కావచ్చు, ఆగినా ఇట్లాగే ఉండేదేమో, చెప్పలేం అంది. ఎవరైనా కొడితే దెబ్బ చూపించవచ్చు. దోచుకుంటే పోయింది చెప్పవచ్చు. ఇదిగో నష్టం అని చూపడానికి షహనాజ్ చేతిలో ఏమీ లేదు. అందుకే అడిగినవాళ్లందరికీ ఆమె అనవసరంగా తమ్ముడి మీద పగ పట్టిన మనిషిలా కనిపించింది. ఫయాజ్ తర్వాత బాగానే కోలుకున్నాడు, వీధంతా పరిగెత్తాడు. అప్పుడైతే మరీ. పిల్లాడు గుండ్రాయిలా ఉన్నాడు, ఇంకా ఏందే నీ గొడవ అన్నారు.

జావీద్ పెళ్లికి ఆమె వెళ్లింది, మొక్కుబడిగా నాలుగు మాటలు చెప్పి వచ్చింది. ఆ తర్వాత మాటల్లేవు.

మొన్న వేసవిలో వాడే రొంపిచెర్ల వచ్చాడు. వాళ్లు ఎదురుపడటం అదే ఆఖరు. షహనాజ్ మిషను మీద ఉంది. జావీద్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, చాలాసేపు ఫయాజ్ చదువు గురించీ ఎండల గురించీ మాట్లాడాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. భార్య షబ్నంకు నెలలు నిండాయి. ఆమెకు తల్లి లేదు. కాన్పు గదిలో తోడు నిలబడటానికి నువ్వు రావాలక్కా అన్నాడు.

ఆమె మిషను ఆపలేదు. వాడు కాస్త దగ్గరికి జరిగి, ఎన్నాళ్లుగానో దాచుకున్నది చేతిలో పెడుతున్నట్టుగా చెప్పాడు.

“మా బిడ్డకు బ్యాంకు పెట్టట్లేదక్కా. కంపెనీలో ఉండి కూడా. డాక్టరమ్మకు చెప్పేసినా, బొడ్డు కొట్టుకోవడం ఆగినాకే కొయ్యమని. నువ్వప్పుడు అన్నట్టే.”

మిషను ఆగింది. తను ఆశపడింది అక్క ముఖంలో కనిపిస్తుందేమోనని జావీద్ చూశాడు. షహనాజ్ సూది కింద నుంచి గుడ్డ లాగి, దారం తెంపి, తమ్ముడి కళ్లలోకి చూసింది.

“ఒరే, షబ్నంని అడిగావా?”