గ్రీకు అక్షరాల ఇంట్లో ఒక సంవత్సరం

ఇది నేను ఎప్పుడో రాయవలసింది. రాయలేకపోవడానికి చాలాకాలం ఒకటే కారణం, నాకు అక్షరాలు రావు. యాభై దాటాక వచ్చాయి. వచ్చిన తరువాత కూడా రాయలేదు. పెన్ను పట్టుకున్నప్పుడల్లా ఒక హాలు నిండా చప్పట్లు వినిపించేవి, పెన్ను పక్కన పెట్టేసేదాన్ని. ఈ సెప్టెంబరులో ఒక సాయంత్రం ఎడ్మంటన్‌లో యూనివర్సిటీ దగ్గర బస్సు దిగి నడుస్తుంటే, ఒక ఇంటి మెట్ల మీద ఆడపిల్లలు గుంపుగా నిలబడి, చప్పట్లు కొడుతూ, కాళ్ళతో మెట్లను దడదడలాడిస్తూ పాడుతున్నారు. ఆ పాట నాకు తెలుసు. ఆ ఇంటి వంటగదిలో పనిచేశాను. ఇప్పుడు పాడుతున్న పిల్లలు నాకు తెలియదు, వాళ్ళకు నేనూ తెలియదు. అయినా నా ముఖం వేడెక్కింది. ఇంటికి వచ్చి, ఇక వాయిదా వేయకూడదని కూర్చున్నాను.

రాయవలసింది అన్విత గురించి. అప్పుడు ఆ పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయేమో.

ముందు ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పాలి. అది కాలేజీ అమ్మాయిల సంఘం. సొరోరిటీ అంటారు. ఒక్కో సంఘానికి చాలా యూనివర్సిటీల్లో శాఖలుంటాయి, శాఖను చాప్టర్ అంటారు. అమ్మాయిలు ఒకరినొకరు సిస్టర్ అని పిలుచుకుంటారు. కొందరు ఆ ఇంట్లోనే ఉంటారు. తక్కినవాళ్ళు సోమవారం సాయంత్రం భోజనానికీ మీటింగుకీ తప్పకుండా వస్తారు. సంఘం పేరు మూడు గ్రీకు అక్షరాలు. అవి తలుపు మీద, టీషర్టుల మీద, చివరికి కాఫీ కప్పుల మీద కూడా ఉండేవి. మా ఆయన ఒక హోటల్లో వంటమాస్టరుగా ఈ దేశం వచ్చారు, ఆయన వెనక నేను వచ్చాను. ఆ ఇంట్లో వంటమనిషి కావాలంటే ఆయనే తీసుకెళ్ళి మాట్లాడారు. కాగితాలన్నీ ఆయనే నింపారు. మదనపల్లె దగ్గర పల్లెలో పుట్టి, తమ్ముళ్ళను ఎత్తుకుని తిరగడంలోనే నా బడి వయసు అయిపోయింది. ఆ సంగతి ఆయనకు తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. ఎవరైనా కాగితం చేతికిస్తే, కళ్ళజోడు మరిచిపోయానని చెప్పేదాన్ని.

శరదృతువులో కొత్త అమ్మాయిలను చేర్చుకుంటారు. మెట్ల మీద ఆ పాటలన్నీ అప్పటివే. చేరిన ప్రతి పిల్లా గ్రీకు అక్షరమాల మొత్తం కంఠతా పట్టాలి, అది వాళ్ళ ఆచారం. ఆ ఏడాది వాళ్ళకు అది నేర్పే బాధ్యత అన్వితది. వాళ్ళమ్మా నాన్నా విజయవాడ వాళ్ళు, ఇక్కడే డాక్టర్లు. తెల్లపిల్లలకు నన్ను ఆంటీ అని పరిచయం చేసింది తనే. నా పేరే ఆంటీ అనుకుని అందరూ అలాగే పిలిచేవారు. వంటగది పక్కన భోజనాల గదిలో వాళ్ళను వరుసగా నిలబెట్టి, చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు "ఆల్ఫా, బీటా, గామా" అని చెప్పించేది. రోజూ అదే వింటూ కూరలు తరిగేదాన్ని. ఒక సాయంత్రం ఒక పిల్ల "సిగ్మా" దగ్గర ఆగిపోయింది. పైకి చూస్తోంది, కిందికి చూస్తోంది, రావడం లేదు. నేను క్యారెట్ తరుగుతూనే "టౌ, అప్సిలాన్, ఫై, కై, సై, ఒమేగా" అనేశాను.

గదంతా గోల. అన్విత పరుగెత్తుకొచ్చింది.

"ఓ మై గాడ్ ఆంటీ! మీకు గ్రీక్ వచ్చా?"

"మీరు రోజూ చెవిలో అరుస్తుంటే రాక ఏమవుతుంది?"

అందరూ వంటగదిలోకి వచ్చేశారు. అక్షరాలున్న అట్ట నా ముందు పెట్టి "ఏదీ, ఫై ఎక్కడుందో చూపించండి" అంది. నేను చేతులు తుడుచుకుంటూ "కళ్ళజోడు మరిచిపోయానమ్మా" అన్నాను. వెనక నుంచి ఒక పిల్ల నవ్వుతూ నా తల వైపు వేలు చూపింది. కళ్ళజోడు నా నెత్తి మీదే ఉంది. దాన్ని కిందికి దించుకుని అట్టను చూశాను. ఏది చూడాలో తెలియక అట్ట మొత్తాన్ని చూశాను. అన్విత ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది, అట్ట చటుక్కున లాగేసుకుంది. "పదండి పదండి, ఆంటీ పని పాడు చేయొద్దు" అని అందరినీ తరిమేసింది. ఆ పూట పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. "ఒకటి అడగనా ఆంటీ? కోప్పడకూడదు మరి" అంది. నేను కుళాయి తిప్పాను. వేడినీళ్ళ ఆవిరి సింకు పైనున్న కిటికీకి పట్టింది. బయట అప్పటికే మంచు. ఆ పిల్ల నా పక్కకు వచ్చి, వేలితో అద్దం మీద పెద్దగా అ రాసింది. ఏమీ అడగలేదు. అద్దం మీద అది కాసేపటికి జారిపోయింది. నాకు నచ్చింది అదే, జారిపోవడం. ఎవరి కంటా పడదు.

చలికాలమంతా మా చదువు అలా సాగింది. పంతులమ్మకు కూడా సగమే వచ్చు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదట. ళ రాయబోయి ఆగిపోయేది. ఫోను స్పీకరులో పెట్టి విజయవాడకు కలిపేది. అటునుంచి ముసలావిడ "ళ రాయడం రాని పిల్లవి నువ్వు పంతులమ్మవా! ఆ నేర్చుకునేదెవరో గానీ, ఓపిక పట్టమ్మా" అనేది. ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. వత్తులు వచ్చేసరికి "ఇవన్నీ ఎవరు పెట్టారు ఆంటీ, జైల్లో వెయ్యాలి వాళ్ళని" అని నెత్తి కొట్టుకునేది.

డిసెంబరులో ఒక సాయంత్రం నన్ను కూడా పిలిచి వాళ్ళ వలయంలో నిలబెట్టింది. ఎవరికైనా పెళ్ళి కుదిరితే వాళ్ళు నోటితో చెప్పరు. వెలిగించిన కొవ్వొత్తి చేతి నుంచి చేతికి తిరుగుతుంది, శుభవార్త ఎవరిదో వాళ్ళు ఉఫ్ఫని ఊదేస్తారు. నా పక్క పిల్ల ఊదబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. "పెళ్ళి కుదిరితే దీపం ఆర్పుతావా తల్లీ, తప్పు" అన్నాను. అన్విత పడీపడీ నవ్వుతూ వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పింది. ఆ పెళ్ళికూతురు కొవ్వొత్తిని ఊదకుండా తెచ్చి వంటగదిలో నా గట్టు మీద పెట్టింది. అది అయిపోయేదాకా వెలిగింది. ఆ ఇంట్లో నేనూ ఒక మనిషిననిపించిన రోజు అది.

జనవరిలో వాళ్ళ పదవులు మారతాయి. దానధర్మాల పని అన్వితకు వచ్చింది. ఒక్కో సంఘానికి ఒక మంచి పని ఉంటుంది. వీళ్ళది చదువు, పిల్లలకు పుస్తకాలు ఇప్పించడం. మార్చిలో పెద్ద హాలు తీసుకుని, తల్లిదండ్రులను, ఊళ్ళో వాళ్ళను పిలిచి, భోజనం పెట్టి చందాలు అడుగుతారు. తినడానికి నేను సమోసాలు చేస్తానన్నాను. ఒకరోజు ఓవెన్లోంచి ట్రే తీస్తున్నప్పుడు అన్విత తలుపు దగ్గరి నుంచే అడిగింది.

"ఆంటీ, ఫంక్షన్లో మీ గురించి కొంచెం చెప్పొచ్చా?"

"చెప్పుకో తల్లీ" అన్నాను. వంట గురించి అనుకున్నాను.

హాలు నిండిపోయింది. తెలుగువాళ్ళూ చాలామంది వచ్చారు. మేము శుక్రవారం పూజలకు కలిసే ఆడవాళ్ళు, వాళ్ళకు పెద్దదిక్కులాంటి విజయలక్ష్మి గారు, మా ఆయన, అందరూ ఉన్నారు. నేను ట్రే పట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్నాను. అన్విత స్టేజీ ఎక్కింది. వెనక తెర మీద ఒక ఫోటో వచ్చింది. ఆవిరి పట్టిన కిటికీ, దాని ముందు ఒక ఆడమనిషి వీపు, ఎత్తిన చెయ్యి, అద్దం మీద వంకరగా ఒక అ. ఆ చీర నాది. ఎప్పుడు తీసిందో తెలియదు. ఇంగ్లీషులో చెప్పినా నాకు అర్థమైంది. మాకు రోజూ అన్నం పెట్టే ఆంటీకి ఈ చలికాలం దాకా ఒక్క అక్షరం రాదు, మనం దూరంగా ఎక్కడో వెతుకుతున్నాం, ఆవిడ మా వంటగదిలోనే ఉన్నారు, అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా చేతిలో ట్రే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మా ఆయన తల వంచుకుని సమోసాను ముక్కలు ముక్కలుగా తుంచుతున్నారు, తినడం లేదు.

విజయలక్ష్మి గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "అయ్యో, చదువు రాదా మీకు? మరి ప్రతి శుక్రవారం మాతో పాటు స్తోత్రం పుస్తకం పట్టుకుని కూర్చునేవారు కదండీ!"

అవును, కూర్చునేదాన్ని. పక్కావిడ పేజీ తిప్పినప్పుడు నేనూ తిప్పేదాన్ని. విని నేర్చుకున్నంతవరకు పైకి అనేదాన్ని, రానిచోట పెదాలు కదిపేదాన్ని. దేవుడి ముందు అన్నేళ్ళు చేసిన నటన ఆ ఒక్క ప్రశ్నతో అందరి ముందుకూ వచ్చింది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

తరువాత పని మానలేదు, చదువు మానేశాను. గిన్నెలు కడగ్గానే కిటికీని పొడిగుడ్డతో తుడిచేసేదాన్ని. అన్విత పూలు తెచ్చింది. "సారీ ఆంటీ. ఐ థాట్, మీరు ప్రౌడ్‌గా ఫీలవుతారని" అంది. "పర్లేదమ్మా" అన్నాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ "పర్లేదమ్మా" అన్నాను. ఆ మాటతో తలుపు వేయడం ఎలాగో నాకు బాగా తెలుసు. శుక్రవారాలకూ వెళ్ళలేదు. మా ఆయనే ఒకరోజు "పోకుంటే ఇంకా ఎక్కువ మాట్లాడుకుంటారే" అని కారులో తీసుకెళ్ళి దించారు.

అది వంతుల శుక్రవారమని అక్కడికి వెళ్ళాక తెలిసింది. నెలకొకసారి స్తోత్రాన్ని అందరూ కలిసి కాకుండా, ఒక్కొక్కరు ఒక్కో పేజీ చదువుతారు. అలాంటి శుక్రవారం ఎప్పుడూ ప్రసాదం నాది అని ముందే చెప్పి వంటింట్లో ఉండిపోయేదాన్ని. ఈసారి విజయలక్ష్మి గారు "ప్రసాదం మేము చూసుకుంటాం, మీరు కూర్చోండి" అన్నారు. దయతో అన్నారో ఇంకెందుకన్నారో నాకిప్పటికీ తెలియదు. గోడకానుకుని కూర్చున్నాను. పుస్తకం ఒక్కో ఒడి దాటి నా వైపు వస్తోంది. అప్పుడు వాళ్ళమ్మ వెనకాల అన్విత వచ్చి, సరిగ్గా నా పక్కన, నా వంతుకు ముందు కూర్చుంది.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాను గొంతు తగ్గించి.

"మమ్మీ రమ్మంది."

"నేనెక్కడ రమ్మన్నాను? తనే వస్తానని ఒకటే పోరు" అంది వాళ్ళమ్మ.

పుస్తకం ఆ పిల్ల చేతికి వచ్చింది. చదవడం మొదలుపెట్టింది. సంస్కృతం మాటలు, తెలుగు లిపి, మూడేసి వత్తులు. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. దేవి పేరు ఒకటి ముక్కలై ఇంకేదో అయింది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ అందించబోయింది. వాళ్ళమ్మ ముఖం ఎర్రబడింది. "చాలు అన్వీ, పుస్తకం ఇటివ్వు. పరువు తీస్తున్నావు."

"లేదు మమ్మీ. నా టర్న్. ఐ విల్ ఫినిష్."

చెవులు కందిపోయి, నుదుటి మీద చెమట పట్టి, ఆ పిల్ల పేజీ చివరిదాకా చదివింది. దీపంలో ఒకసారి నూనె పోయవలసి వచ్చింది, అంతసేపు పట్టింది. విజయలక్ష్మి గారు నవ్వేశారు. "రేపు మా శనివారం తెలుగు బడికి వచ్చెయ్యవే అమ్మాయ్. ఆరేళ్ళ పిల్లలున్నారు, వాళ్ళ పక్కన కూర్చోబెడతాను." అందరూ నవ్వారు. అన్విత కూడా నవ్వింది. "ఆ చిన్న చెయిర్లో పట్టనేమో ఆంటీ" అంది. నవ్వుతూనే పుస్తకం నా ఒడిలో పెట్టింది.

పేజీ చూశాను. కొన్ని అక్షరాలు నాకు తెలిసినవే, కానీ కలిపి చదవలేను. "నాకు చదవడం రాదండీ" అన్నాను. నా నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. పుస్తకం పక్కావిడకు అందించాను. ఎవరూ నవ్వలేదు. సిగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు, అలాగే కూర్చుంది నాతో.

బయట కారు దగ్గర, కరుగుతున్న మంచులో నిలబడి అన్విత అంది: "ఆ రోజు మీరు ట్రే పట్టుకుని అలా నిలబడిపోయారు కదా ఆంటీ. అదెలా ఉంటుందో నాకు తెలీలేదు. అందుకే వచ్చా. ఇప్పుడు కొంచెం తెలిసింది."

"కొంచెమే" అన్నాను.

"యా. కొంచెమే."

ఏప్రిల్లో పరీక్షలయ్యాయి, ఇల్లు ఖాళీ అయింది. అన్విత చదువు ముగించుకుని ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయింది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. తను చేసింది తప్పని నేను ఇప్పటికీ అనుకుంటాను, ఆ మాట తనకు కూడా చెప్పాను. కాదని వాదించలేదు. నాకు అక్షరం చూపించింది తనే, నన్ను అందరి ముందు నిలబెట్టిందీ తనే. ఈ రెండింటినీ విడదీయాలని చాలా ప్రయత్నించాను, కుదరలేదు. కానీ నాకోసం సిగ్గుపడటానికి తనంతట తాను వచ్చి కూర్చున్న మనిషి నా జీవితంలో ఇంకెవరూ లేరు. నేను సిగ్గును దాచిపెట్టి బతికాను. ఆ పిల్ల దాన్ని అందరి మధ్యలో, చెమటలు పడుతూ, చివరి అక్షరం దాకా మోసింది. తెలియనిచోట తెలియదని చెప్పే ధైర్యం ఇప్పటికీ నాకు సులువుగా రాదు. వచ్చినప్పుడు మాత్రం ఆ ఎర్రబడిన చెవులు గుర్తొస్తాయి.

ఆ శుక్రవారం గడిచిన మర్నాడు ఉదయం మా ఆయనను లేపకుండా బస్సెక్కాను. తెలుగు బడి ఒక స్కూలు బేస్‌మెంటులో. విజయలక్ష్మి గారు బోర్డు తుడుస్తున్నారు. నన్ను చూసి "ఎవరినైనా దించడానికి వచ్చారా?" అన్నారు.

"లేదండీ. నిన్న మీరు కూర్చోబెడతానన్నారు కదా. ఆ పిల్లకు బదులు నేను వచ్చాను."

ఆవిడ చేత్తో వెనక వరుస చూపించారు. నేను ముందు వరుసలోనే ఒక చిన్న కుర్చీ లాక్కున్నాను. మోకాళ్ళు బల్లకు తగిలాయి. పక్కనున్న పాప నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఆర్ యూ సంబడీస్ గ్రాండ్‌మా?" అంది.

"కాదమ్మా. నేనూ ఇక్కడే చదువుకుంటా" అన్నాను.

ఆ పాప తన పుస్తకాన్ని ఇద్దరి మధ్యకు జరిపింది.