సలోమి ఆంటీ చదివిన అమెరికా చరిత్ర

2022లో కెనడాలో, టొరంటోలోని స్కార్‌బరోలో ఒక బేస్‌మెంట్‌లో, స్టూడెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయిలం నలుగురం ఉండేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఒళ్లు వంచి చదివింది పైనుండే ఇంటావిడ సలోమి ఆంటీ ఒక్కతే. నలభై ఎనిమిదేళ్ల వయసులో, వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తూ, పెద్దవాళ్ల హైస్కూల్లో పదకొండో తరగతి అమెరికా చరిత్ర చదివేది. ఆ ఒక్క సబ్జెక్టు పాసై క్రెడిట్ వస్తే హైస్కూల్ డిప్లొమా చేతికొస్తుంది, నర్సింగ్‌కి అప్లై చేయొచ్చు. కాకినాడలో పెళ్లితో ఆగిపోయిన కోరిక అది.

ఆవిడకు చదువంటే బట్టీయే. సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పి బహుమతులు కొట్టేసిన నోరు మరి. తెల్లవాళ్లకి సీటు వదలాలన్న రూలుకి ఎదురుతిరిగి మాంట్‌గమరీలో నల్లవాళ్లు బస్సులెక్కడం మానేసిన పాఠాన్ని కామాలతో సహా వల్లించేది. పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకునే డ్యూటీ నాది. ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటికొచ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది.

పరీక్షలో రెండు పేజీలు ఉన్నదున్నట్టు దించేసింది. మన దగ్గరైతే ఫుల్ మార్కులు. ఇక్కడ టీచర్ కాపీ అని సున్నా వేసి, వచ్చి మాట్లాడమంది.

"నువ్వూ రావే దేవిశ్రీ. నేను దొంగను కానని సాక్ష్యం చెబుదువుగాని," అంది ఆంటీ.

సాక్ష్యం అవసరం కాలేదు. ఆంటీ చేతులు కట్టుకుని నిలబడి రెండు పేజీలూ గడగడా అప్పజెప్పేసింది. టీచర్ ఒక్కో లైనూ వేలు పెట్టి సరిచూసి, నవ్వేసింది.

"కాపీ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇది పుస్తకం మాట. మీరేమంటారు?"

పుట్టాక ఏ టీచరూ ఆంటీని అలా అడిగి ఉండరు. క్రెడిట్ పోయినట్టేననుకున్నాను. ఆంటీ నా వైపు తిరిగింది.

"నేను తెలుగులో చెప్తా, నువ్వు ఇంగ్లిష్‌లో చెప్పవే. వాళ్లు బస్సులు మానేసి ఏడాది పైగా పనికి నడిచే వెళ్లారు. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది నాలాగా వంట చేసేవాళ్లే. నడిచెళ్లి, రోజంతా నిలబడి వండి, మళ్లీ నడిచొచ్చి పిల్లలకి వండారు. ఎనిమిది గంటలు నిలబడితేనే నాకు కాళ్లు వాచిపోతాయి. ఈ పుస్తకంలో వాళ్ల కాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. నేనైతే ముందు అదే రాస్తా."

ఒక్కో మాటా ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను.

"అదే రాసి తీసుకురండి, దానికే మార్కులు వేస్తాను," అంది టీచర్.

వారం రోజులు కుస్తీ పట్టి, తన ఇంగ్లిష్‌లోనే రాసింది. ఎనభై ఒకటి వచ్చాయి, క్రెడిట్ వచ్చేసింది. మార్కుల కింద టీచర్ ఒక ప్రశ్న రాసింది: దీన్ని వచ్చే బ్యాచ్‌కి పాఠంతో పాటు ఇవ్వవచ్చా?

ఆంటీ ఆ లైను మూడుసార్లు చదివి నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఇకమీదట నేను రాసింది చదువుతారంట చూడవే."