2047 పోగొట్టిన మీసం

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద అపారమైన నమ్మకం ఉండేది: ఒకటి నా మీసం, రెండోది నా లెక్కలు. పర్ణశాల అవతల ఒక అడవి ఊళ్లో వేసవి తరగతులు చెప్పడానికి వెళ్లిన కొత్త లెక్కల సారును కదా మరి! పైగా వచ్చే ఆదివారం మధిరలో పెళ్లిచూపులు. అంతకుముందు వచ్చిన సంబంధం వాళ్లు "పిల్లగాడు మరీ చిన్నగున్నడు" అనేసి వెళ్లిపోయారు. అందుకే అమ్మ రోజూ ఫోన్ చేసి, "మీసం జోలికి పోకు బిడ్డా" అని హెచ్చరించేది.

ఒకరోజు క్లాసులో ప్రధాన సంఖ్యల గురించి చెబుతుంటే నాకు హుషారు ఎక్కువైంది. రెండును రెండుసార్లు, మూడుసార్లు, ఐదుసార్లు, ఏడుసార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే 3, 7, 31, 127 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఒకటీ, తామూ తప్ప ఇంకే సంఖ్యా వాటిని నిశ్శేషంగా భాగించదు. అలా పదకొండుసార్లు వేస్తే 2047. అదీ అంతేనని తేల్చేశాను. (ఊరికే కాదు, పంతొమ్మిది దాకా భాగించి చూశాను. అంతలో అన్నం గంట కొట్టారు.) "దీన్ని సమానమైన వరుసలుగా ఎవరు పేర్చినా నా మీసం తీసేస్తా!" అన్నాను.

"కల్లంల పేర్చి చూద్దమా సార్?" అంది ముందు బెంచీ పిల్ల.

కల్లమంటే ఊరి చివర బీడీలు చుట్టే తునికాకు ఎండబెట్టే చోటు. ఒక్క కట్ట తగ్గినా చూడగానే తెలియాలని అక్కడ కట్టలన్నీ సమానమైన వరుసల్లో పేరుస్తారు. పిల్లలు 2047 కట్టలు లెక్కపెట్టి ఇస్తే, కల్లం చూసే పెద్దవ్వ ఉన్న జాగాలో ఇరవై రెండు వరుసలు పేర్పించింది. వరుసకు తొంభై మూడు. ఒక్క కట్ట మిగిలింది. నేను మీసం మెలేశాను.

"చూసినవా అవ్వా, మిగిలింది!"

"అవ్, మిగిలింది. గదొక్కటి ఒంటిగ ఎందుకుంటది సారూ? గాలికి కొట్టుకపోతది. వరుసకు నాలుగు తీసి దాని పక్కన పెట్టుండ్రి."

ఇరవై రెండు వరుసల నుంచి ఎనభై ఎనిమిది కట్టలొచ్చాయి. ఒంటిదానితో కలిపి ఎనభై తొమ్మిది. పాత వరుసల్లోనూ మిగిలింది ఎనభై తొమ్మిదేసి. మొత్తం ఇరవై మూడు వరుసలు, చక్కగా, సమానంగా! పంతొమ్మిది తర్వాత నేను చూడాల్సిన ప్రధాన సంఖ్య సరిగ్గా ఇరవై మూడే. పిల్లలు చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా మాట మాటే కదా, ఆ సాయంత్రమే మీసం తీసేశాను.

ఆదివారం మధిరలో పెళ్లికూతురు ఒక్క ప్రశ్నే అడిగింది. "ఫొటోలో మీసం ఉందిగా, ఏమైందండీ?" ఇక దాచేదేముందని జరిగిందంతా చెప్పేశాను. ఆమె చాలాసేపు నవ్వు ఆపుకుని, "ఇంకొక్క సంఖ్య ఓపిక పట్టలేకపోయారా?" అంది.

"అన్నం గంట కొట్టారండీ," అన్నాను.

ఇన్నేళ్లయినా నేను దేని గురించైనా తెగేసి చెబితే మా ఆవిడ వంటింట్లోంచే "ఇరవై మూడుతో చూశారా?" అంటుంది. రెండును పదమూడుసార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే 8191 నిజంగానే ప్రధాన సంఖ్య. ఈసారి ఎనభై తొమ్మిది దాకా భాగించి మరీ చెబుతున్నాను. మీసం మాత్రం మళ్లీ పెంచలేదు. అద్దంలో ఆ ఖాళీ జాగా చూసినప్పుడల్లా ఆ రోజు కల్లంలో మిగిలిన ఒంటికట్ట గుర్తొస్తుంది. అవ్వ దానికి తోడు వెతికి పెట్టింది, నాకు కూడా.