‘ఉర్కి రా’ అన్న పల్లవికి పడిన భావం

2010 జనవరిలో నన్ను జనగామ రిపోర్టరు పని నుంచి తప్పించి, హన్మకొండలోని జిల్లా డెస్కుకు సీనియర్ సబ్ ఎడిటర్‌గా వేశారు. ఉత్తర్వులో దాన్ని పదోన్నతి అని రాశారు. తెలంగాణ ఉద్యమం రోడ్డు మీద నడుస్తున్న రోజుల్లో రోడ్డు మీదున్న రిపోర్టరును తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టడం ఎలాంటి ఉన్నతి అవుతుందో రాసినవారికే తెలియాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పటికి జిల్లాలు కాలేదు. మూడూ వరంగల్ జిల్లాలోని పట్టణాలే. వాటి పేజీలు నా చేతి మీదుగా అచ్చుకు వెళ్లేవి.

డెస్కు పని గురించి బయటివారికి పెద్దగా తెలియదు. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు పంపే వార్తలను దిద్ది, కుదించి, శీర్షిక పెట్టి, పేజీలో అమర్చడం సబ్ ఎడిటర్ పని. అన్నీ సరిగా ఉన్నాయని చివరిసారి చూసి పేజీని ముద్రణకు పంపడాన్ని మా భాషలో ‘పేజీ వదలడం’ అంటారు. వదిలినవాడే తప్పులకు జవాబుదారీ. తప్పు పైవాడిదైనా సరే.

ఆ పేజీలతో పాటు ‘పల్లవి పట్టండి’ అనే ఆదివారం శీర్షిక కూడా నాకు అంటగట్టారు. వారానికి ఐదు పాటల పల్లవులకు భావం మెలికపెట్టి రాసి ఇస్తాం. పాఠకులు అసలు పాట ఏదో కనిపెట్టి పోస్టుకార్డు రాయాలి. పల్లవిలోని ఒక్క మాట కూడా భావంలో ఉండకూడదు, అర్థం మాత్రం చెడకూడదు. ఇదీ నియమం. ‘నీ కొంగు తగిలి నా గొడుగు ఎగిరిపోయె’ అనే పాట ఉందనుకోండి, ‘వస్త్రాంచల స్పర్శచే ఛత్రము గగనగామి యగుట’ అని ఇవ్వాలి. చదవడానికి తమాషాగా ఉంటుంది కానీ రాయడం తేలిక కాదు. భావం రాసేవాడికి రెండు తెలుగులు రావాలి. ఒక తెలుగే వచ్చినవాడు రాస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

జనగామ చౌరస్తాలో ఉద్యోగుల రిలే నిరాహార దీక్ష టెంటు ఉండేది. సెలవు రోజు అక్కడికి వెళ్తే మా శీర్షికనే బిగ్గరగా చదువుకుంటున్నారు. మొగిలయ్య అనే కరెంటు లైన్‌మన్ నన్ను చూసి పేపరు మడిచాడు.

“అన్నా, ఈ ఛత్రము గిత్రము నువ్వేనా రాసేది?”

అవును, నేనేనన్నాను.

“మంచిగనే ఉన్నది గని, పొద్దంత ఈడ మన పాటలు పాడుకుంట కూసుంటున్నం. పేపర్ల మాత్రం సినిమా హీరోయిన్ కొంగు పట్కొని తిరుగుతున్నవు. మనయి ఇయ్యరాదు? మనయి పాటలు గావా?”

పక్కనున్న టీచరు, “ఇయ్యడే! ఇస్తె ఆయన నౌకరి పోతది” అన్నాడు. టెంటంతా నవ్వింది. ఆ నవ్వును నేను తప్పు పట్టను. నిజమే అన్నారు.

హైదరాబాద్ ప్రధాన కార్యాలయంలో ఫీచర్స్ ఇన్‌చార్జి మూర్తిగారు. పాఠకులకు ఆధారాలుగా నేను పంపే భావాలను, పక్కన రాసిన పల్లవులతో సహా, ఆయన చూసి ఆమోదించాలి. వారానికి ఒక ఉద్యమ పాట ఇస్తామని నెలవారీ సమావేశంలో అడిగాను. ఆయన చిరునవ్వుతో, “మీ ప్రాంతం పాటలకు భావం రాయాలంటే ముందు వాటిని తెలుగులోకి అనువదించుకోవాలి కదండీ” అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఎవరెవరు నవ్వారో పేర్లతో సహా ఇప్పటికీ చెప్పగలను. ఒకాయనకు మాత్రం అదే సమయానికి టీ పొలమారింది, ఆయనను ఆ లెక్కలోకి తీసుకోను. చివరికి ఎడిటర్ జోక్యం చేసుకుని, పాఠకులు అడుగుతున్నారు కాబట్టి వారానికి ఒకటి ఇమ్మన్నారు.

స్వరూప పాట అలా శీర్షికలోకి వచ్చింది. ఆమెది భూపాలపల్లి దిక్కున టేకుమట్ల. మహబూబాబాద్ దిక్కున గంగారం అవతల అడవిలో, హాస్టలున్న ఒక గిరిజన బాలికల బడిలో కాంట్రాక్టు టీచరు. సెలవుల్లో దీక్షా శిబిరాల్లో పాడేది. ఆమె రాసుకున్న పాట అప్పటికి మానుకోట అని మేము పిలిచే మహబూబాబాద్ నుంచి జనగామ దాకా అందరి నోళ్లలో ఉంది. ‘ఉర్కి రా బిడ్డా, మొగులు వట్టె, కల్లంల వడ్లున్నయి’ అని దాని పల్లవి. మబ్బు కమ్మింది, కళ్లంలో ధాన్యం ఉంది, తడవకముందే పరుగెత్తుకు రా అని తల్లి కూతురును పిలుస్తుంది. పండిన పంట చేతికి వచ్చే వేళ అందరూ కదలాలని దాని లోపలి మాట. టెంట్లలో కూర్చున్నవారికి వివరించనక్కర లేదు.

‘నభము మేఘావృతమైనది, ధాన్యరాశి రక్షణకై వేగిరపడుమని సంతానమునకు జనని పిలుపు’ అని నేను భావం పంపాను. పక్కన పల్లవి రాసి, రచయిత్రి పేరు, ఊరు, ఆమె పనిచేసే బడి ఎక్కడో కూడా పెట్టాను.

ప్రధాన కార్యాలయంలో దానికి రెండు చికిత్సలు జరిగాయి. మాండలికం అచ్చుతప్పులా కనిపిస్తుందని వాళ్లకొక సూత్రం. ఆ సూత్రం ప్రకారం ‘ఉర్కి’ని ‘ఉరికి’ అని దిద్దారు. తర్వాత చోటు చాలలేదని పల్లవిలో మొదటి మూడు మాటలే ఉంచి, మబ్బునూ వడ్లనూ కొట్టేశారు. మిగిలింది ‘ఉరికి రా బిడ్డా’. దాన్ని మూర్తిగారు చదివారు. తాము దిద్దిన మాటకు తామే అర్థం చెప్పుకున్నారు. నా భావం తప్పని తేల్చి, ‘కన్నతల్లే సంతానాన్ని ఉరికొయ్య చెంతకు రమ్మనుట’ అని మార్చి నేరుగా పేజీకి ఎక్కించారు. నేను ఆ శనివారం సెలవులో ఉన్నాను.

ఆ రోజులు గుర్తున్నవారికి ఆ వాక్యం ఎంత ఘోరమో తెలుస్తుంది. రాష్ట్రం కోసం ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న కాలం అది. అలాంటి వేళ ఆ భావం అచ్చయింది. అది ఏ పాటో ఎవరూ కనిపెట్టలేదు, కనిపెట్టడానికి అలాంటి పాట లేదు. భూపాలపల్లి నుంచి ఒక గని కార్మికుడు, ‘ఇసొంటి పాట మా దిక్కు ఎవ్వరు పాడరు, పాడితె ఊకోము’ అని కార్డు రాశాడు. నేను హైదరాబాద్‌కు ఫోన్ చేసి, జవాబు వేయకుండా ఆపమన్నాను. “నియమం ప్రకారం వేయాల్సిందేనండీ” అన్నారు. ఆమోదం పొందిన జవాబును మార్చే అధికారం మా డెస్కుకు లేదు. తరువాతి ఆదివారం ఆ భావం, దాని పక్కన ‘ఉరికి రా బిడ్డా’, కింద స్వరూప పేరు, ఊరు, బడి ఉన్న చోటు అచ్చయ్యాయి.

పది రోజులు గడవకముందే స్వరూప, ఆమె తల్లి లచ్చవ్వ డెస్కుకు వచ్చారు. ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ చావును ప్రేరేపించే పాటలు రాసినందుకు సంజాయిషీ ఇవ్వాలని స్వరూపకు మెమో వచ్చింది. కాంట్రాక్టు టీచర్లకు ఏటా పొడిగింపు రావాలి. జూన్ దగ్గర పడింది. ఆ ఇంట్లో నెల జీతం ఆమె ఒక్కదానిదే.

స్వరూప మెమోను నా బల్ల మీద పెట్టింది. లచ్చవ్వ మాట్లాడింది. “సారూ, ఆ పాటల పిలిచే తల్లిని నేనే. నా నోటి మాటనే నా బిడ్డ పాట గట్టింది. నేను నా బిడ్డను ఉరికొయ్యకు రమ్మన్ననా? గిట్ల రాసినోనికి తల్లి లేదా?”

నాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియదు కాబట్టి మూర్తిగారికి ఫోన్ చేశాను. సవరణ వేయాలని అడిగాను.

“పజిల్‌కు సవరణ ఏమిటండీ? రేపు సుడోకుకు కూడా వేయమంటారు. అయినా ఉరికి అంటే ఉరికే కదా!”

‘ఉరుకులు పరుగులు’ అని మీ పేజీలోనే శీర్షికలు పెడతారు కదా అన్నాను.

“అది జంటపదమండీ. ఒంటరిగా ఎవరు వాడతారు?”

మేము వాడతామని చెప్పాను. “అదే నేనూ అంటున్నది” అని ఫోన్ పెట్టేశారు. ఆ రోజే ఎడిషన్ ఇన్‌చార్జికి, న్యూస్ ఎడిటర్‌కు, ఎడిటర్‌కు విడివిడిగా ఫిర్యాదు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మళ్లీ రాశాను.

సంజాయిషీ విచారణకు నేను సెలవు పెట్టి వాళ్లతో మహబూబాబాద్ వెళ్లాను. ఆ బడిని పర్యవేక్షించే అధికారి మాటను బట్టి మా వైపు మనిషే. ఆయన ముందు బల్ల మీద మా పత్రిక కత్తిరింపు ఉంది. టీచరమ్మ ఇలాంటివి రాయవచ్చా అని అడిగాడు. స్వరూప పల్లవి మొత్తం చెప్పింది. ఆయన వింటూనే కత్తిరింపును చూశాడు.

లచ్చవ్వ ఆగలేక అందుకుంది. “మొగులు వడితె బిడ్డను ఉర్కి రమ్మనక, మెల్లగ ముచ్చట వెట్టుకుంట రమ్మంటనా సారూ? వడ్లు నానవా?”

“అవ్వా, నువ్వు జర ఊకో. పేపర్ల అచ్చయినంక నేనేం జేస్త?” అని ఆయన తలుపు వైపు తిరిగి అటెండరును కేకేశాడు. “ఏ యాదగిరీ, జర ఉర్కి పోయి పెద్దసారు టేబుల్ మీది ఫైలు పట్కరా!”

అటెండరు కదిలాడు. లచ్చవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

“పైలం బిడ్డా! సారు ఉరికి పొమ్మంటున్నడు. ఇంట్ల చెప్పి పో.”

అటెండరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. స్వరూప ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది. అధికారి నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “నాకు తెల్వదానవ్వా? నాకు తెలుసు. ఫైలుకు తెల్వది గద” అన్నాడు. పేపర్లో పడింది పేపర్లోనే పోవాలి, వచ్చే సోమవారంలోగా సవరణ చూపిస్తే మెమో మూసేస్తాను, లేకుంటే పొడిగింపు కాగితం తన దగ్గరే ఆగిపోతుంది అని తేల్చాడు. అన్యాయం జరుగుతున్నదని తెలిసీ ఫైలు వెనక దాక్కోవడం చూస్తే నాకు మూర్తిగారే నయమనిపించింది. ఆయనకు కనీసం నిజంగానే తెలియదు.

సవరణకు ఎడిటర్ అనుమతి కావాలి. అది రాదని తేలిపోయింది. అయితే మా పద్ధతిలో ఒక సందు ఉంది. ఆధారాలకే పై ఆమోదం కావాలి. జవాబుల పెట్టె మళ్లీ హైదరాబాద్ వెళ్లదు, అందులో ఉండేవి ముందే ఆమోదం పొందిన పల్లవులే కదా అని. దాన్ని జిల్లా డెస్కులోనే అమర్చి పేజీ వదులుతారు. ఆ శనివారం ‘గతవారం జవాబులు’ ఐదూ చిన్న అక్షరాల్లో సర్ది, మిగిలిన చోటులో ఇలా వేశాను: ‘సవరణ: ఇటీవల ఈ శీర్షికలో ఒక పాటకు ఇచ్చిన ఆధారం పూర్తిగా తప్పు. ఆ పల్లవి – ఉర్కి రా బిడ్డా, మొగులు వట్టె, కల్లంల వడ్లున్నయి. ఉర్కి అనగా పరుగెత్తి. ధాన్యం తడవకముందే రమ్మని తల్లి పిలుపు ఇది. రచయిత్రికి కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం.’ ‘ఉర్కి’ని ఉర్కి అనే ఉంచాను. ప్రూఫ్ చూసే కుర్రవాడు దిద్దబోతే వద్దన్నాను. పేజీ నేనే వదిలాను.

సోమవారం మెమో మూశారు. జూన్‌లో స్వరూపకు పొడిగింపు వచ్చింది. లచ్చవ్వ ఫోన్ చేసి, “అంత మంచిగ రాసినవు గని, తప్పు రాసినాయన పేరెందుకు వెయ్యకపోతివి?” అని నిలదీసింది. ఆమె అన్నది న్యాయమే. చోటు చాలలేదని చెప్పాను.

అనుమతి లేకుండా సవరణ ప్రచురించి పత్రిక పరువు తీశానని నాకూ మెమో వచ్చింది. తప్పును ఎవరి అనుమతితో ప్రచురించారో తెలిపితే నా సంజాయిషీ ఇస్తానని జవాబు రాశాను. వాళ్లు తెలపలేదు, నేను ఇవ్వలేదు. ‘పాఠకాదరణ లేనందున’ శీర్షికను ఎత్తేశారు. కార్డులు సంచుల్లో వస్తున్నా సరే, ఆదరణ లేదట. నన్ను మార్కెట్ ధరల పేజీకి వేశారు. రిటైరయ్యే దాకా పత్తి, మిర్చి, మక్కల మధ్యనే ఉన్నాను. మూర్తిగారు అసోసియేట్ ఎడిటర్ అయ్యారు. రాష్ట్రం వచ్చిన తర్వాత ఒక సభలో తెలంగాణ నుడికారం గురించి ఆయన ప్రసంగించారని విన్నాను. నన్నూ పిలిచారు, వెళ్లలేదు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. పత్రికలో తప్పు వేయడానికి ఎవరి సంతకమూ అక్కరలేదు, దిద్దడానికి అందరి సంతకాలూ కావాలి. కాబట్టి డెస్కులో చేరినవాడు మొదట తెలుసుకోవాల్సింది, పేజీలో ఏ మూల ఎవరూ చూడకుండా అచ్చుకు పోతుందన్నది. స్వరూప ఉద్యోగాన్ని నిలబెట్టింది నేను రాసిన ఫిర్యాదులు కావు, రెండంగుళాల ఆ పెట్టె. అయినా ఫిర్యాదులు రాయడం నేను మానలేదు. రాయకపోతే, తమను ఎవరూ ఏమీ అడగలేదని వాళ్లు చెప్పుకొంటారు.