ఖాళీ పెనం వద్దన్న అత్త

మా మేనత్త పోయింది. తిరుత్తణి నుంచి బావ పొద్దున్నే ఫోన్ చేసి, "పాపా, అమ్మ పోయినాది" అన్నాడు. "ఎవరి అమ్మ?" అని అడిగాను. నిజంగానే అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రమే నేను కొనబోయే పెనం గురించి అంతసేపు మాట్లాడిన మనిషి! నిద్రలోనే గుండె ఆగిందట. తిరువళ్లూరులో రైలెక్కాక కూడా, ఎవరో ఒకరు ఫోన్ చేసి పొరపాటని చెబుతారనే అనుకున్నాను.

అత్త వంటింటి కిటికీ దగ్గర రెండు లవ్‌బర్డ్స్‌ని పెంచుకునేది. ఒకరోజు నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద పెట్టి, పూలు కొనడానికి వీధిలోకి వెళ్లి మాటల్లో పడింది. తిరిగొచ్చేసరికి ఖాళీ పెనం పొగలు కక్కుతోంది. పిట్టలు రెండూ పంజరం అడుగున పడివున్నాయి.

"అరిచినా పరిగెత్తుకొస్తును గదా పాపా! గమ్మున పడిపోయినాయి" అని ఏడ్చింది.

పెనం మరీ కాలితే ఆ పూత నుంచి వచ్చే పొగ మనుషులకే మంచిది కాదని, పిట్టలైతే అసలు తట్టుకోలేవని పశువుల డాక్టరు చెప్పాడట. ఇంకొకరైతే పెనం పారేసి ఊరుకునేవారు. అత్త ఏ పెనం మంచిదని అందరినీ అడగడం మొదలుపెట్టింది.

"సిరామిక్ పూతది కొననా అత్తా?" అన్నాను ఆ చివరి ఫోన్లో.

"దాంట్లో ఆ పొగ భయం లేదు, అయితే నున్నదనం బిన్నే, కొన్నాళ్లకే పోతాది. ఇనుపదానికి పూతే లేదు. పులుసు మాత్రం దాంట్లో పెట్టొద్దు. నాన్‌స్టిక్కే కావాలంటే సన్నమంట, కొయ్య గరిటె. పూత లేస్తే తీసిపారెయ్. విషమని అరవొద్దు, ఖాళీగా కాల్చొద్దు. అంతే."

పొదటూరుపేటలో బంధువుల బిడ్డకు పేరు పెట్టిన రోజు, వంటింట్లోంచి కాలిన పెనం వాసన రాగానే అత్త లేచి పరిగెత్తింది. పొయ్యి ఆపి, కిటికీలు తెరిచి, ఉయ్యాల్లోని బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చేసింది.

"ఏంది వదినా, పొగే గదా?" అని ఇంటావిడ చిన్నబుచ్చుకుంది.

"పొగే. అది ఏం చేస్తాదో నేను కండ్లారా చూసినా" అంది అత్త. బిడ్డను మాత్రం చాలాసేపు దించలేదు.

నేను చేరేసరికి ఇంటినిండా జనం. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. బావకు కాస్త కాఫీ ఇద్దామని వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద మూతపెట్టిన గిన్నె ఉంది. తీసి చూశాను. దోసెలకని అత్త రాత్రి నానబోసిన మినప్పప్పు, ఉబ్బి, గిన్నె అంచుదాకా వచ్చి ఉంది.