ఓడేటోని కండ్లు

మీకు నవ్వు రావచ్చు. ఇరవై ఏళ్ళుగా నా గుండె మీద బరువుగా కూర్చున్నది టీవీలో చూసిన ఒక రెజ్లింగ్ మ్యాచ్ అంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. నేను ఎవరినీ కొట్టలేదు, ఎవరి నోటి కాడి కూడూ లాక్కోలేదు. ఒక స్నేహితుడికి ఒక అబద్ధం చెప్పాను. అంతే. ఆ "అంతే" దగ్గరికి వచ్చి ప్రతిసారీ ఆగిపోతాను. అంతే అయితే ఇన్నేళ్ళు ఎందుకు దాచాను? కట్టుకున్న మనిషికి కూడా ఎందుకు చెప్పలేకపోయాను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

అప్పుడు మేం హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాం. మా ఇల్లు సుబేదారిలో. నా క్లాస్‌మేట్ యాకూబ్‌ది రఘునాథపల్లి. చదువు కోసం వచ్చి మా వీధి చివర గది తీసుకున్నాడు. గదిలో టీవీ లేదు. అందుకని వారానికోసారి సాయంత్రం అమెరికా వాళ్ళ రెజ్లింగ్ వచ్చే వేళకు మా ఇంట్లో వాలేవాడు. వాడి వెనకే మిగతా దోస్తులు. చాప పరుచుకుని, అమ్మ వేయించిన పల్లీలు నములుతూ చూసేవాళ్ళం.

అసలు చూడాల్సింది టీవీని కాదు, యాకూబ్‌ని. ఇంగ్లీషు మాటలు మాకు సగం అర్థమయ్యేవి కావు. వాడు సౌండ్ తీసేసి తనే తెలుగులో చెప్పేవాడు. రింగులోకి వచ్చేవాడి నడక చూసి వాడి కడుపులో ఏముందో చెప్పేవాడు. మేమంతా కొట్టేవాణ్ణి చూస్తుంటే వాడు పడేవాణ్ణి చూసేవాడు. కొట్టడం ఎవడైనా కొడతాడు, ఆ దెబ్బను పెద్దది చేసేది పడేవాడే అనేవాడు. ఒకడు కుంటడం మొదలుపెడితే చివరిదాకా అదే కాలు కుంటుతున్నాడా లేదా అని పట్టి చూసేవాడు. మధ్యలో మర్చిపోయి మామూలుగా పరుగెత్తినవాడు ఎంత పెద్ద స్టార్ అయినా వాడి లెక్కలో పనికిరానివాడు.

మా నాన్న అటుగా పోతూ, "అదంతా ఉత్త నాటకం రా, దాన్ని పట్టుకుని కూసున్నరు," అని వెక్కిరించేవాడు. యాకూబ్ కోపం తెచ్చుకునేవాడు కాదు. మా ఊళ్లె ఒగ్గు కథ చెప్తే ఎవలికి తెల్వని కథ చెప్తరు కాకా, అయినా ఎవలన్న లేచిపోతరా అనేవాడు. నాన్న నవ్వేసి పోయేవాడు. తర్వాత్తర్వాత ఆయన కూడా చాప పక్కన కుర్చీ వేసుకోవడం మొదలుపెట్టాడు.

అమ్మ కథ ఇంకా తమాషా. మొదట్లో ఆ బనీన్లు లేని మనుషులను చూసి ఛీ అనేది. కొన్నాళ్ళకు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసేది. ఒక వారం యాకూబ్ ఊరికి పోయి రాలేదు. నేను వాడిలాగే సౌండ్ తీసేసి చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ కాసేపు విని, "యాకూబ్ రాలేదా? ఆ పిలగాడు చెప్తెనే మంచిగుంటది," అని లోపలికి పోయింది.

అమ్మ మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. నాకే గుచ్చుకుంది. ఇల్లు మాది, టీవీ మాది, అమ్మ నా అమ్మ. నా ఇంట్లో నేను వచ్చిపోయేవాళ్ళలో ఒకణ్ణి అయిపోయానా? వాడంటే నాకు ఇష్టమే. ఇష్టం ఉండగానే కుళ్ళుకున్నాను. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో ఇప్పటికీ నాకు అంతు పట్టదు.

ఆ రోజుల్లోనే ఒకసారి పరీక్షల రిజల్ట్స్ చూసుకోవడానికి నెట్ సెంటర్‌కు పోయాను. నా మార్కులు చూసుకున్నాక ఇంకా టైం మిగిలింది. ఊరికే రెజ్లింగ్ అని కొట్టాను. మా ఇంట్లో రాబోయే ప్రోగ్రాం మొత్తం అక్కడ ఉంది. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో, అంతా. అమెరికాలో జరిగింది మన కేబుల్‌లోకి కొన్ని రోజులు ఆలస్యంగా వస్తుందని అప్పుడు తెలిసింది. మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. తెర మీద కనబడేది అప్పుడే జరుగుతోందనుకుని గొంతులు చించుకునేవాళ్ళం.

పరుగెత్తుకుంటూ పోయి వాళ్ళకు చెప్పాల్సింది. చెప్పి, అందరం కలిసి నవ్వుకోవాల్సింది. ఆ సాయంత్రం దాకా చెబుదామనే అనుకున్నాను. మ్యాచ్ మొదలవబోతుంటే యాకూబ్ ఒక పేరు చెప్పాడు. నేను ఇంకో పేరు చెప్పాను. నేను చెప్పినవాడే గెలిచాడు. అందరూ నా వీపు మీద చరిచారు. నాన్న, "అరే, నీకు గూడ ఎరుకైందిరా," అన్నాడు. ఆ చరుపులు ఎంత హాయిగా ఉన్నాయో మీకు అబద్ధం చెప్పను.

తర్వాతి వారం మళ్ళీ నెట్ సెంటర్‌కు పోయాను. ఆ పై వారం కూడా. నాకు పంతులు అని పేరు పెట్టారు. జాతకం చెప్పు పంతులూ అని అడిగేవాళ్ళు. యాకూబ్ కూడా నవ్వేవాడు. కానీ వాడు మిగతావాళ్ళలా నవ్వి ఊరుకునే రకం కాదు. నా దగ్గర ఏదో విద్య ఉందని నమ్మాడు, దాన్ని నేర్చుకోవాలనుకున్నాడు. ఎట్లా చెబుతున్నావని అడిగాడు.

అప్పుడు నా నోట వచ్చిన మాటే నా అసలు తప్పు. కండ్లు చూడాలె రా, ఓడేటోని కండ్లు ముందే చెప్తయ్ అన్నాను. ఎక్కడి నుంచి పుట్టిందో తెలియదు. చాలా లోతైన మాటలా వినిపించింది, నాకే నచ్చింది.

వాడు దాన్ని పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి కాళ్ళు చూడటం మానేశాడు, నడక చూడటం మానేశాడు, పడేవాడి వీపు చూడటం మానేశాడు. టీవీ దగ్గరికి జరిగి కళ్ళు చూడసాగాడు. మా పాత టీవీలో మనిషి మొహమే సరిగ్గా కనబడేది కాదు, ఇక కళ్ళేం కనబడతాయి? చెప్పే మాట తడబడేది. మధ్యలో ఆగి నా వైపు చూసేవాడు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడటం తగ్గించింది. అది కూడా నేను గమనించాను. గమనించీ ఊరుకున్నాను.

అంతకు కొన్నాళ్ళ ముందే, వాడి మాట ఇంకా తడబడక ముందు, మా వీధికి కేబుల్ వైరు బాగుచేయడానికి వచ్చినతను యాకూబ్ మాటలు విని ఆగిపోయాడు. వాళ్ళ లోకల్ ఛానల్‌లో ఆదివారాలు పిల్లల కోసం రెజ్లింగ్ గురించి తెలుగులో మాట్లాడతావా అని అడిగాడు. యాకూబ్ మొహం వెలిగిపోయింది. రాబోయే పెద్ద మ్యాచ్ అయ్యాక వచ్చి కలుస్తానన్నాడు. దాని గురించే మొదటి ఆదివారం మాట్లాడాలని వాడి ఆశ.

ఆ మ్యాచ్ ఒక ముసలి ఛాంపియన్‌కూ ఒక కుర్రవాడికీ. పెద్దాయన వయసైపోయింది, మోకాళ్ళు పోయాయి, అయినా జనం ఆయనంటే ప్రాణం పెడతారు. ఆ సాయంత్రం మాట్లాడుకున్న ప్రతి ముక్కా నాకు గుర్తుంది.

"ఇయ్యాల ముసలోడు ఓడాలె మామా," అన్నాడు యాకూబ్. చాలా వారాల తర్వాత వాడి గొంతులో పాత ఊపు వినిపించింది. "ఓడితెనే ఆయనకు ఇజ్జత్. తన చేతులతోని తన గద్దె పిలగానికి ఇచ్చినట్టుంటది."

"గెలిచేది ముసలోడే," అన్నాను.

"ఎట్లరా?"

"కండ్లు చూడు. పిలగాని కండ్లు అప్పుడే ఓడిపోయినయ్."

వాడు మోకాళ్ళ మీద టీవీ దాకా పోయి చూశాడు. "నాకేం కనవడ్తలేదు రా."

"నీకు కనవడయ్."

ఆ మాట అనాల్సిన అవసరం లేదు. ఫలితం నా జేబులో ఉండగా ఆ మాట ఎందుకన్నాను?

"సరే," అన్నాడు వాడు. "ఇయ్యాల నా మాట తప్పయితె ఇగ దీని గురించి నోరు దెరువ."

వద్దురా అనవచ్చు. నవ్వేసి నిజం చెప్పేయవచ్చు. నేను పల్లీలు నములుతూ కూర్చున్నాను.

ముసలాయనే గెలిచాడు. అందరూ నా మీద పడి అరిచారు. యాకూబ్ నవ్వుతూనే, "నాకు ఆట సమజ్ గాదు మామా, ఇన్ని దినాలు ఉత్తగనే ఒర్రిన," అన్నాడు. కొన్ని వారాలు వచ్చి చాప చివర మౌనంగా కూర్చున్నాడు. తర్వాత రావడం మానేశాడు. ఛానల్‌కు పోలేదు. మావోడు నాకంటె మంచిగ చెప్తడని కేబుల్ అతనికి నా పేరు చెప్పాడు.

నేను పోయాను. సిగ్గు లేకుండా పోయాను. కెమెరా ముందు కూర్చుంటే ఎవరు గెలిచారన్నది తప్ప నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. రెండు నిమిషాల్లో అది కూడా అయిపోయింది. వాళ్ళు మళ్ళీ పిలవలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఫోన్‌లో ప్రపంచమంతా దొరికే రోజులు వచ్చాక, జపాన్ వాళ్ళ రెజ్లింగ్ చూశాను. మొదట సౌండ్ పోయిందనుకున్నాను. అంత జనం, అంత నిశ్శబ్దం! ఒకడు ఇంకొకడి చేయి మెలిపెడుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఒకడు అరచేత్తో అవతలివాడి ఛాతీ మీద కొడతాడు, తన ఛాతీ ముందుకు పెట్టి ఇప్పుడు నువ్వు కొట్టు అన్నట్టు నిలబడతాడు. చర్మం కందిపోతుంది, ఎవడూ వెనక్కి తగ్గడు. అక్కడి ఆడపిల్లల ఆటైతే చూస్తుంటేనే నా వీపు నొప్పి పుడుతుంది, అయినా కళ్ళు తిప్పుకోలేను. అమెరికా వాళ్ళను నేను తక్కువ చేయను. మైకు పట్టుకుని ఒక మనిషి పావుగంట మాట్లాడితే చాలు, దెబ్బ పడకుండానే జనం ఊగిపోతారు. పాట మొదటి ముక్క వినబడగానే మనిషి రాకముందే లేచి నిలబడతారు. మాటతో కట్టిపడేయడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. కానీ ఒంటితో కథ చెప్పడంలో జపాన్ వాళ్ళే పైచేయి అంటాను. పొద్దున దెబ్బ తిన్న మోకాలిని సాయంత్రం దాకా మర్చిపోని మనుషులు వాళ్ళు.

ఒక రోజు అక్కడి ముసలి ఛాంపియన్ ఒకాయన తను నేర్పిన కుర్రవాడి చేతిలో ఓడిపోవడం చూశాను. ఎన్నిసార్లు పడేసినా లేచాడు, చివరికి లేవలేకపోయాడు. కుర్రవాడు గెలిచి కూడా మోకాళ్ళ మీద కూర్చుని తల నేలకు ఆనించాడు. నాకు ఏడుపొచ్చింది. ఆట గొప్పగా ఉన్నందుకు కొంత, యాకూబ్ పక్కన లేనందుకు ఎక్కువ. వాడు ఆ రోజు మా ఇంట్లో చెప్పింది సరిగ్గా ఈ మ్యాచ్. ఆ సాయంత్రం ముసలాయన్ను గెలిపించి అమెరికా వాళ్ళే తప్పు చేశారు, వాడు కాదు. ఆ ముక్క వాడికి చెప్పాల్సింది నేనొక్కణ్ణే.

ఇప్పుడు ఆఫీసులో కుర్రాళ్ళు రెజ్లింగ్ మాట వస్తే నా దగ్గరికి వస్తారు. కొట్టేవాణ్ణి కాదురా, పడేవాణ్ణి చూడండి అంటాను. సార్‌కు ఎంత తెలుసో అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఎవరిదో వాళ్ళకు తెలియదు.

ఈ మధ్య యాకూబ్‌ని చూడటానికి నెక్కొండ పోయాను. అక్కడ ఎరువులు, విత్తనాల దుకాణం పెట్టుకున్నాడు. బాగానే ఉన్నాడు, నన్ను చూసి ఎప్పటిలాగే మామా అని వాటేసుకున్నాడు. ఇంట్లో ఏది అడిగినా నీ ఇష్టం అంటడు అన్నా, తనకేం కావాల్నో ఒక్కనాడు చెప్పడు అని వాడి భార్య నవ్వుతూ చెప్పింది, నాకది నా మీద ఫిర్యాదులాగే వినిపించింది. వాడు పుట్టుకతోనే అంతేనా? చాప మీద కూర్చుని మా నాన్నతో వాదించిన యాకూబ్ అలాంటివాడు కాదే! లేక నా తప్పుకు నేనే లేనిపోని పెద్దరికం అంటగడుతున్నానా? తేల్చుకోలేకపోయాను.

వాడి కూతురు షబానా ఫోన్‌లో జపాన్ ఆడవాళ్ళ మ్యాచ్ చూస్తోంది. నన్ను కూడా చూడమని పక్కన కూర్చోబెట్టుకుంది. అది నేను అంతకు ముందు వారమే చూసిన మ్యాచ్. యాకూబ్ మా వెనక నిలబడ్డాడు. ఎర్ర బట్టల పిల్ల వెల్లకిలా పడింది, మూడు అనేదాకా భుజాలు నేలకు ఆని ఉంటే ఓటమే, రిఫరీ లెక్కపెడుతున్నాడు, అయిపోయిందనే అందరూ అనుకుంటారు. నా వెనక చిన్న గొణుగుడు వినబడింది. "ఇంక ఉన్నది." మరుక్షణం ఆ పిల్ల భుజం ఎత్తింది. వాడికి తను మాట్లాడినట్టు కూడా తెలియదు. ఆటను చదివే వాడి పాత చూపు ఎక్కడికీ పోలేదు. ఎంత సంతోషమేసిందో, అంత సిగ్గేసింది.

"ఎవలు గెలుస్తరు అబ్బా?" తండ్రి వైపు తిరిగి అడిగింది షబానా.

"నాకేం తెలుస్తది బిడ్డా. అంకుల్‌ను అడుగు."

పిల్ల నా వైపు తిరిగింది. అప్పుడే చెప్పాల్సింది. ఇరవై ఏళ్ళ నాటి నోరు నాకంటే ముందు తెరుచుకుంది. ఎర్ర బట్టల పిల్లే అన్నాను. ఆ పిల్లే గెలిచింది. షబానా చప్పట్లు కొట్టి, ఎలా తెలిసిందని అడిగింది. నేను జవాబు వెతుక్కుంటున్నాను.

యాకూబే చెప్పాడు. వాడి గొంతులో నా గురించి ఎంత గర్వమో! "కండ్లు చూస్తడు బిడ్డా. ఓడేటోని కండ్లు ముందే చెప్తయ్. నాకు రాలే గని, నువ్వు నేర్సుకో."

షబానా ఇంకో మ్యాచ్ పెట్టి, ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుని కళ్ళు చూడటం మొదలుపెట్టింది.

రైలు టైం అయిందని లేచి వచ్చేశాను. వాడు స్టేషన్ దాకా వచ్చి కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. అక్కడ కూడా చెప్పలేదు. ఇది చదివి నన్ను మంచివాడనకండి, నేను అడగడం లేదు. వాడు క్షమిస్తాడో లేదో నాకు తెలియదు. క్షమిస్తాడనే భయం కూడా ఉంది. ఎక్కడా అనలేకపోయిన మాట ఇక్కడైనా రాసిపెడుతున్నాను, రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది.

ఆ కళ్ళల్లో ఏమీ లేదు యాకూబ్. నేను ముందే చూసి వచ్చాను.