సున్నం నిలవని రాయి

దయ్యాలు ఉన్నాయని నేను ఒక్కనాడు కూడా నమ్మలేదు. చీకట్లో ఏదో కనబడిందని ఎవరైనా చెబితే, ముందు కళ్లు కడుక్కుని రమ్మంటాను. నేను చెప్పేది సిద్దిపేటలో మా క్రైస్తవుల సమాధుల తోటలో ఉన్న ఒక రాయి సంగతి. చూసింది పట్టపగలే.

ఆ తోట నిజాం కాలంలో వచ్చింది. అంతకుముందు మావాళ్లు పోతే పొలం ఉన్నవాళ్లు గట్టున, లేనివాళ్లు వాగు పక్కన పెట్టుకునేవారు. వాగు పొంగితే గుర్తులు కూడా పోయేవి. సంఘపెద్దలు ఏళ్ల తరబడి సర్కారు కచేరి చుట్టూ తిరిగితే, ఊరవతల నాగలి దిగని రాళ్ల జాగ ఒకటి దొరికింది. మావాళ్లే రాళ్లేరి చుట్టూ గోడ పెట్టారు. మిగిలిన రాళ్లను సమాధుల తలాపున నిలబెట్టేవారు. వాటి మీద పేర్లు చెక్కించే అలవాటు లేదు. చదివేవాళ్లే తక్కువ, పైగా ఎవరిది ఏదో అందరికీ తెలుసు కదా అనుకునేవారు. ఆ అనుకోవడమే నా కొంప ముంచింది.

యుద్ధం రోజుల్లో ఊళ్లో గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలతో ఇళ్లకు ఇళ్లే పడిపోయాయి. నేనూ, పక్కింటి రూతక్కా ఒకేసారి మంచాన పడ్డాం. నా బిడ్డ సుగుణ, ఆమె కొడుకు దావీదు ఒకే రోజు పోయారు. ఇద్దరూ అప్పుడప్పుడే నడక నేర్చినవాళ్లు. రూతక్కకు అప్పటికే భర్త లేడు. అందుకని మా ఆయనే పిల్లలిద్దరినీ తీసుకుపోయి, పక్కపక్కన పెట్టి, రెండు రాళ్లు నిలబెట్టి వచ్చాడు. ఆయనకూ గత్తర తగిలింది. నాకు మాట వచ్చేసరికి ఆయన లేడు.

ఏ రాయి కింద ఎవరున్నారో చెప్పే మనిషే లేకుండా పోయాడు. నంగునూరులో నా తల్లి దగ్గరున్న పెద్ద కొడుకు ఒక్కడే నాకు మిగిలాడు. అప్పుడు ఏడ్చానో లేదో గుర్తు లేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

ఈస్టరు ముందు శనివారం రాళ్లకు సున్నం వేయడం మా ఆనవాయితీ. ఎవరి రాయికి వాళ్లే వేస్తారు. రూతక్కా నేనూ మాత్రం రెండింటికీ కలిసి వేసేవాళ్లం. ఆ మొదటి ఈస్టరు పొద్దున వెళ్లి చూస్తే ఎడమ రాయి తెల్లగా ఉంది. కుడి రాయి మీద సున్నం లేదు. రాలిన పొడి కూడా కింద లేదు. వాన పడలేదు. తోటలో మిగతా రాళ్లన్నీ తెల్లగానే ఉన్నాయి.

సున్నం సరిగ్గా నానలేదేమో అనుకున్నాను. మరుసటి ఏడు వేరే బట్టీ సున్నం తెచ్చి, ఆ రాయిని బూడిదతో తోమి, కడిగి, ఆరాక పూశాం. తెల్లారేసరికి మళ్లీ బోడిగా ఉంది.

రూతక్క ఆ రాయిని చేత్తో తడిమింది.

"గిది నా పోరడే మార్తా. బతికున్ననాడు గూడ తానమంటే దొరకకుండ ఉరికేటోడు" అంది.

నాకు ఒళ్లు మండింది. నా సుగుణ కూడా ఒంటికి నూనె రాయనిచ్చేది కాదని అన్నాను. ఒక బోడి రాయి కోసం ఇద్దరం సవతుల్లా కొట్లాడుకుని చాలా రోజులు మాటలు మానేశాం. తెల్లగా ఉన్న రాయి మాత్రం ఇద్దరికీ అక్కర్లేకపోయింది.

రజాకార్ల గోల మొదలైన రోజుల్లో రూతక్క జబ్బుపడి నన్ను పిలిపించింది.

"నన్ను ఆ రాయి పక్కన వెట్టియ్యి చెల్లె. నీ బిడ్డదైనా సరే, నేను సూసుకుంట" అంది.

నేను తలూపాను. ఆమె పోయాక కుడి రాయి పక్కనే పెట్టాం.

తర్వాతి ఈస్టరుకు ఆ రాయి మీద సున్నం నిలిచింది. పూసింది నేనే, సున్నం ఎప్పటి బట్టీదే. ఆ తర్వాత ఏ ఏడూ ఊడలేదు. తల్లి పక్కకు చేరాకే నిలిచిందంటే అది దావీదుది. ఎడమ రాయి కింద నా సుగుణ ఉంది. అది తెలియాలని అన్నేళ్లు కొట్టుకున్నదాన్ని, తెలిసిన రోజు నాకేమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం వండాను.

ఇప్పుడు తోటలో పేర్లు చెక్కిన పాలరాతి పలకలు వచ్చాయి. ఆ రెండు రాళ్లను మాత్రం మార్చనివ్వలేదు. ఈ ఈస్టరుకు నాకు చేతగాక నా కొడుకే సున్నం వేసి వచ్చాడు. ఆదివారం పొద్దున నన్ను ఆటోలో తీసుకెళ్లాడు. కుడి రాయి తెల్లగా ఉంది. ఎడమ రాయి బోడిగా ఉంది.

వాడు సున్నం అమ్మినవాణ్ణి తిట్టి, మళ్లీ వేస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఆ రాయి పక్కన జాగ ఎంతుందో చూశాను. సరిపోతుంది.

"నన్ను గీడ వెట్టున్రి బిడ్డా" అన్నాను.

ఎందుకని అడిగాడు. అప్పుడు దావీదు రాయి మీద, ఇప్పుడు దీని మీద సున్నం ఎందుకు నిలవలేదో నాకు తెలిస్తే కదా వాడికి చెప్పడానికి. సుగుణ ఒంటికి నూనె రాయనిచ్చేది కాదని మాత్రం చెప్పాను.